మల్లన్న పుట్టేదాకా

(హనుమకొండలో ఏడు శనివారాల వేసవి ప్రదర్శనలు మొదలైన రోజు, తొలి ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు, ముందు వరుసలో జంపఖానా మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగం ఆరున్నరకు, ప్రదర్శన ఏడు గంటలకు అని వేశారు. ప్రదర్శన ఏడింటికే మొదలవుతుంది. నేను చెప్పదలచుకున్నది పూర్తయినా, కాకపోయినా మొదలవుతుంది. ఆ షరతు మీదే మాట్లాడటానికి ఒప్పుకున్నాను. ఇంత పట్టింపు ఎందుకో కాసేపట్లో చెబుతాను.

బయట ఇంకా సెగ తగ్గలేదు. రోహిణి కార్తె రాకముందే రోళ్ళు పగిలేలా ఉంది. ఇంత ఎండల్లో నాటకాలేమిటి, కాస్త చల్లబడ్డాక పెట్టుకోకూడదా అని చాలామంది అడిగారు. వాళ్ళకు నా జవాబు ఒకటే. ఈ కాలాన్ని ఈ నేల ఎప్పుడో ఎంచిపెట్టింది. యాసంగి కోతలై ధాన్యం ఇల్లు చేరిన నాటి నుంచి, మృగశిర కార్తెలో తొలకరి పడి నాగలి కట్టేదాకా, రైతు ఇంట్లో తీరికా గింజా రెండూ ఒక్కసారే ఉండే రోజులు ఇవే. కథల వరుస సంక్రాంతికే ఐనవోలు మల్లన్న జాతరతో మొదలై, కొమురవెల్లిలో మల్లన్నకు రంగుల ముగ్గులు వేసే పట్నాలు, శివరాత్రి జాగారాలు దాటి, ఊరూరా జరిగే కురుమల దేవుడు బీరప్ప పండుగలతో ఈ రోజుల్లోకి వచ్చేది. పగలంతా నిప్పులు కురిసిన వాకిట్లోనే పొద్దుగూకాక నీళ్ళు చల్లి, చాపలు పరిచి, తెల్లవారేదాకా కథ వినేవారు. బడి పిల్లలకు ఇప్పుడు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. పాత లెక్కా కొత్త లెక్కా దాదాపు ఒకచోటే కలుస్తున్నాయి. మా ఏడు శనివారాలూ ఆ రెండింటి నడుమ కూర్చున్నవే.

మన పాలకుర్తి నేల మీది కవి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో జనం పాడుకునే పాటల పేర్లు వరుసగా చెప్పాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. ఏడు వందల ఏళ్ళు పైబడిన మాట ఇది. వెన్నెల పదాలు అన్న పేరు చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను. అవి ఎలా ఉండేవో ఊహించుకోవడమే తప్ప వినలేం. కాని వెన్నెలకంటూ విడిగా పాటలు కట్టుకున్నారంటే, రాత్రిపూట ఆరుబయట కూర్చుని పాడుకోవడం వాళ్ళకు ఎంత మామూలు సంగతో తెలుస్తోంది కదా.

ఆ కాలానికే చెందిన జాయప సేనాని ఓరుగల్లులో గణపతిదేవుడి గజబలానికి అధిపతి. ఏనుగుల దళం నడిపిన ఆ మనిషి 13వ శతాబ్దం మధ్యలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల గ్రంథంలో నాలుగింటిని దేశి నృత్యాలకే ఇచ్చాడు. పేరిణి, చర్చరి, కోలాటం అన్నీ శాస్త్రం పక్కన సమానంగా కూర్చున్నాయి. దాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ముందు పెట్టుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి అనే ఆ వీర నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఐదో శనివారం పేరిణి ఉంది. చూసినవాళ్ళు ఎలాగూ వస్తారు, చూడనివాళ్ళు తప్పక రండి. రామప్ప స్తంభాల మీద ఆగి ఉన్న కాలు కదిలితే ఎలా ఉంటుందో కనిపిస్తుంది.

ఇక నా పట్టింపు సంగతి.

చాలా ఏళ్ళ కిందట ఇదే నగరంలో ఒక పెద్ద సాంస్కృతిక సభ జరిగింది. నిర్వాహకుల్లో నేనూ ఒకణ్ణి. జనగామ వైపు పల్లె నుంచి ఒక ఒగ్గు కథ బృందాన్ని, అంటే డోలు, తాళాలతో మల్లన్న కథను పాడి చెప్పేవాళ్ళను పిలిచాం. ఐదింటికల్లా రమ్మన్నాం, ఐదింటికే వచ్చారు. ఆరింటికి మొదలుకావలసిన సభ ఏడున్నరకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు, అధ్యక్షుల పలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. శాలువాలు ఎన్ని కప్పామో లెక్క లేదు. ఒక్కో శాలువాకూ ఒక్కో ఫొటో. బృందానికి పెద్ద అయిన మనిషికి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. నుదుట బండారు పసుపు పెట్టుకుని, చేతిలో ఒగ్గుతో, అంటే చిన్న డమరుకంతో, వేదిక పక్క మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు నావైపు చూశాడు. రెండుసార్లూ 'ఇదిగో, అయిపోయింది' అని చేత్తో సైగ చేశాను.

పది దాటాక పిలిచాం. గణపతిని తలిచారు, శారదను తలిచారు. డోలు ఒక్కసారి ఉరిమింది. ఆయన గొంతెత్తి కథలోకి అడుగు పెట్టాడు. అప్పుడే వేదిక మీదికి చీటీ వెళ్ళింది, 'సమయం లేదు, ముగించండి' అని. ఆ చీటీ రాసింది నేను.

ఆయనకు చదువు రాదు. తాళాలు వేస్తున్న కుర్రవాడు చదివి చెవిలో చెప్పాడు. ఆయన కోపగించుకోలేదు. పాటను సగంలో తుంచి దిగిపోలేదు. కథను మెల్లగా మంగళం దారిలోకి తిప్పి, మంగళం పాడి, జనానికి దండం పెట్టి దిగాడు. మొత్తం పన్నెండు నిమిషాలు. కిందికి వచ్చాక డోలు తాళ్ళు సడలిస్తున్న మనిషి పక్కన నిలబడి నాతో ఒకే ఒక్క మాట అన్నాడు.

"మల్లన్న ఇంకా పుట్టనే లేదు, సార్."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే. కథ మొదలైంది, దేవుడు పుట్టలేదు, మేము ముగించమన్నాం. ఆ మాట నన్ను వదలలేదు.

ఒగ్గు కథ అంటే డోలు గంతులేనని చాలామంది అనుకుంటున్నారు. ఆ తప్పు వాళ్ళది కాదు, మనం చూపించింది అదే. అతిథులకు స్వాగతం పలకాలన్నా, ఊరేగింపు ముందు నడవాలన్నా ఒగ్గు డోళ్ళను పిలుస్తాం. పది నిమిషాలు విన్యాసాలు చేయించుకుని పంపేస్తాం. ఆ బృందాల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళ ఒంట్లో ఉన్న లయ చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కాని పది నిమిషాలకే పిలుపు వస్తుంటే కొత్తగా నేర్చుకునే పిల్లవాడు పది నిమిషాలే నేర్చుకుంటాడు. డోలు ఎగరేయడం వస్తుంది. బలిజ మేడలమ్మ ఎవరు, గొల్ల కేతమ్మను మల్లన్న ఎలా పెళ్ళాడాడు, ఆ ఘట్టంలో ఏ దరువు మారాలి, ఎక్కడ మాటగా చెప్పాలి, ఎక్కడ పాటగా ఎత్తుకోవాలి, ఎక్కడ జనాన్ని నవ్వించి ఊపిరి తీసుకోనివ్వాలి, ఇవన్నీ పెద్దవాళ్ళతో పాటే వెళ్ళిపోతాయి. మన జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారు ఈ కళను సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా తీసుకెళ్ళారు. ఆయనకు వచ్చిన పేరు కథ చెప్పడం వల్ల వచ్చిన పేరు.

మంచి కథకుడు ఏం చేస్తాడో ఈ రాత్రి దగ్గరగా చూడండి. భుజం మీది కండువా తల మీదికి వస్తే ఆడమనిషి, నడుముకు బిగిస్తే వీరుడు. వేషం మార్చడానికి తెర లేదు, గది లేదు. ఒక్క చెయ్యి కదిలేలోపు మనిషి మారిపోతాడు. పక్కన వంత పాడే ఆయన 'ఆఁ' అంటాడు, 'అయితే?' అంటాడు, 'అట్లానా?' అంటాడు. ఆ 'అయితే' మన తరఫున అడిగేది. అది ఎక్కడ పడుతుందో వినండి. మనకు సందేహం వచ్చే చోటే పడుతుంది.

ఈ వేసవికి మొదటి శనివారం ఎవరిదని కూర్చుని ఆలోచించినప్పుడు నేను రెండో పేరు చెప్పలేదు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ రోజు చీటీ చదివిన కుర్రవాడే ఇవాళ ఆ బృందానికి పెద్ద. నలభై దాటాయి. ఫోను చేసి విషయం చెప్పగానే ఆయన ముందు డబ్బు సంగతి అడగలేదు. "ఎన్ని నిమిషాలు, సార్?" అని అడిగారు. కథ ఎంతసేపు ఉంటే అంతసేపు అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే నలుగురం సరిపోం, సార్. ఆరుగురం వస్తాం" అన్నారు.

ఆ ఆరుగురూ లోపల ఉన్నారు.

ఇలా వరుసగా రోజులు పెట్టుకుని ప్రదర్శనలు ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాలు ఊరూరా తిరిగి చేసింది ఇదే. ఊళ్ళోకి వచ్చి రేకుల హాలు వేసుకునేవారు. నెలల తరబడి మకాం. రోజుకో నాటకం. నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు. మాయలు, మంటలు, గాలిలో తేలే రథాలు చూడటానికి జనం వెళ్ళేవారు, నిజమే. కాని రెండో వారానికి ఇంకో సంగతి జరిగేది. నిన్న కృష్ణుడు వేసిన ఆయన ఇవాళ ఉదయం కూరగాయల దగ్గర కనిపించాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఈ ఏడు లవుడు వేసిన పిల్ల, మళ్ళీ ఆ ఊరికి వచ్చేసరికి శశిరేఖ వేసేది. జనం ఆ పిల్ల ఎదుగుదల చూసేవారు. ఒక్క రోజు ఉత్సవంతో ఇది సాధ్యం కాదు. అదే చోటు, అదే వేళ, మళ్ళీ మళ్ళీ. అప్పుడు గాని ప్రేక్షకుడు చుట్టం కాడు.

మన నగరానికి హాళ్ళ కొరత ఉందని ఇప్పుడు అనలేం. 2014లో శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం పదేళ్ళకు, 2024 నవంబరులో తెరుచుకుంది. వెయ్యి మందికి పైగా పడతారు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ గారి పేరిట ఆరుబయలు ప్రాంగణం ఉంది. ఒక్క గొంతులో వంద గొంతులు పలికించి, ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళి వినిపించిన ఓరుగల్లు మనిషి ఆయన. మనం కూర్చున్నది మూడు వందల కుర్చీల చిన్న హాలు. చిన్నదే కావాలని కోరుకున్నాం. కండువా కదలిక వెనక వరుసకు కూడా కనిపించాలి.

మాకూ ఆరుబయటే ఇష్టం. వెన్నెల్లో వినవలసిన కథ ఇది. కాని రాత్రి పది దాటితే ఆరుబయట మైకులు పెట్టకూడదన్నది నిబంధన. అది మంచి నిబంధనే. నిద్రపోయేవాళ్ళు, చదువుకునేవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు చుట్టూ ఉన్నారు. మూసిన హాలుకు ఆ అడ్డు లేదు. కథ ఆగకూడదనుకున్నాం కాబట్టి వెన్నెలను వదులుకున్నాం.

హాలులోకి వచ్చాక కొత్త చిక్కులు వచ్చాయి. వాటిలో కొన్ని చెబుతాను. నాకు చాలా ఇష్టమైన సంగతులు ఇవి.

కథకు ముందు డప్పు దరువు ఉంది. ఎండాకాలం తోలు వాద్యాలకు మంచి కాలం. వానల్లో చర్మం తేమ పీల్చుకుని సడలిపోతుంది. ఎన్నిసార్లు మంట చూపినా రెండు దరువులకే మళ్ళీ దిగిపోతుంది. ఇప్పుడైతే కాసేపు ఎండకు ఆనించి పెడితే చాలు, ఖంగుమంటుంది. అదే డప్పును ఏసీ హాలులోకి తెచ్చి గంట కూర్చోబెడితే గొంతు మారిపోతుంది. లోపల నిప్పు పెట్టడానికి వీల్లేదు, పెట్టకూడదు కూడా. అందుకని వెనక ఖాళీ స్థలంలో ఇసుక పోసి, రెండు బకెట్ల నీళ్ళు పక్కన ఉంచి, గడ్డి మంట వేసుకునే ఏర్పాటు చేశాం. ప్రదర్శనకు అయిదు నిమిషాల ముందు దాకా వాళ్ళు అక్కడే ఉంటారు. మంట మీద డప్పు తిప్పుతూ మధ్యమధ్య వేలితో కొట్టి వింటుంటారు. ఆ వినడం చూసి తీరాలి. డాక్టరు గుండె చప్పుడు వింటున్నట్టు ఉంటుంది.

నాలుగో శనివారం కర్ణాటక సంగీత కచేరి. మృదంగం ఎడమ పక్క, అంటే తొప్పి వైపు, రవ్వ ముద్ద అద్దుతారు. అది తడిగా ఉన్నంతసేపే ఆ వైపు నాదం నిండుగా పలుకుతుంది. ఈ వేడి గాలికి చూస్తుండగానే ఆరిపోయి బీటలు వారుతుంది. విద్వాంసులు రెండు కీర్తనల మధ్య వేలితో నీళ్ళు అద్దుకుంటుంటే ఓపిక పట్టండి. పాట కోసమే ఆ పని.

వచ్చే శనివారం చిందు యక్షగానం, వేషాలు కట్టి ఆడుతూ పాడుతూ కథ నడిపే నాటకం. చిందు ఎల్లమ్మ గారు మగవేషం కట్టి రంగం మీదికి వస్తే ఎదురు నిలవడం కష్టమని చెప్పుకునే తరం ఇంకా ఉంది. మన జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందు వారిని తరతరాలుగా పోషించింది మాదిగ వాడలు. తమకే చాలీచాలని గింజల్లోంచి వాళ్ళకు వాటా తీసి పెట్టారు. ఈ కళకు దక్కే ప్రతి గౌరవంలో ఆ వాడలకు భాగం ఉంది. అది మరిచిపోయి చిందును పొగిడితే నాకు బాధగా ఉంటుంది.

ఒకసారి వాళ్ళు వేషం కట్టుకునే గదిలో రెండు గంటలు కూర్చున్నాను. ముందు ముఖానికి కొబ్బరినూనె పట్టిస్తారు. పసుపుపచ్చని అర్దళం రాయి అరగదీసి దాని మీద పూస్తారు. గోడకు ఆనించిన అద్దం ముక్క అరచేతి కంటే పెద్దది కాదు. అందులో ఒకసారి ఒక కన్నే కనిపిస్తుంది. ఆ ఒక్క కన్ను చూసుకుంటూ కనుబొమ దిద్దుకుని, మెడ తిప్పి రెండో కన్ను దిద్దుకుంటారు. రెండూ సమంగా వస్తాయి. కిరీటం, భుజకీర్తులు పొనికి కర్రతో చేసినవి. చూడటానికి గుండు, ఎత్తితే బెండు. తెల్లవార్లూ అడుగులు వేయాల్సిన మనిషి తల మీద అంతకు మించి బరువు ఉండకూడదు.

ఆ అర్దళం పసుపు కాగడా వెలుగుకు పుట్టిన రంగు. దాని మీద నీలం లైటు వేస్తే ముఖం నల్లబడుతుంది. రంగు రంగుల లైట్లు గిరగిరా తిప్పితే, రెండు గంటలు కష్టపడి దిద్దుకున్న ముఖం నిమిషంలో పోతుంది. అందుకని లైట్లు చూసే తమ్ముడితో నిన్నే కూర్చుని మాట్లాడాను. ఎదురుగా రెండు పసుపు లైట్లు, అంతే. మైకు సంగతి కూడా అంతే. డోలుకు మైకు అక్కర్లేదు, ఇంత చిన్న హాలులో అదే గోడలు అదరగొడుతుంది. మైకు గొంతుకు కావాలి.

టికెట్టు యాభై రూపాయలు. పిల్లలకు లేదు. ఉచితంగా పెట్టమని కొందరు ఆప్యాయంగానే సలహా ఇచ్చారు. మేము వద్దనుకున్నాం. కళాకారుడికి ఇవ్వవలసింది వేదిక ఎక్కకముందే చేతికి అందాలి. ప్రదర్శన అయ్యాక 'రేపు రండి, ఎల్లుండి రండి' అని తిప్పుకోవడం నేను చాలా చూశాను. ఈ రాత్రి ఆరుగురికీ సాయంత్రమే ఇచ్చేశాం. కథ ముగిసేసరికి వాళ్ళ ఊరికి బస్సు ఉండదు. భోజనం, పడక ఇక్కడే.

శాలువాలు లేవు. ఎవరైనా అభిమానంతో తెచ్చి ఉంటే దయచేసి ప్రదర్శన పూర్తయ్యాక మీరే స్వయంగా వెళ్ళి కప్పండి. ఫోను పైకెత్తి వీడియో తీస్తే వెనక వరుసలో కూర్చున్న అవ్వకు వేదిక కనిపించదు. పిల్లలూ, మీకు నిద్ర వస్తే పడుకోండి. వెనక చాపలు పరిచి ఉన్నాయి. కథ మధ్యలో పిల్లలు నిద్రపోతే ఒగ్గు కథకు అవమానమేమీ లేదు. మేమందరం అలాగే విన్నాం. సగం కథ కలలో కలిసిపోతుంది. డోలు ఉరిమినప్పుడు మీరే లేస్తారు, ఎక్కడిదాకా వచ్చిందని అమ్మను అడుగుతారు. పదింటికి చిన్న విరామం, అప్పుడు మజ్జిగ ఇస్తారు. దూరం వెళ్ళవలసినవాళ్ళు చివరి బస్సు వేళ చూసుకుని వెళ్ళండి, ఏమీ అనుకోం. కథ మాత్రం పదకొండు దాటుతుంది.

ఏడుకు ఇంకా రెండు నిమిషాలు ఉంది. డప్పులు కాచుకున్నవాళ్ళు వెనక తలుపు నుంచి ఈ నడుమ దారిలోనే వేదిక మీదికి వస్తారు. వేడి తగ్గకముందే రావాలి. దారిలో కూర్చున్న పిల్లలు కొంచెం ఇటు జరగండి. ఇంకొంచెం. అమ్మా, ఆ నీళ్ళ సీసా తీయండి. ఆ తలుపు దగ్గర ఎవరైనా తెర ఎత్తి పట్టుకోండి, వాళ్ళు వస్తున్నారు.